చెంగమ్మ సవారీ

చిత్తూరు బస్టాండు దగ్గర జట్కాలు నిలిచే చోట, అంతమంది మగవాళ్ళ నడుమ పగ్గాలు పట్టిన ఆడమనిషి చెంగమ్మ ఒక్కతే. మొగుడు మునస్వామికి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోతే ఇంట్లో కూర్చుని ఏడ్చే మనిషి కాదు ఆమె. చీర గోచీ పోసి బండెక్కింది. "పోయి పొయ్యి సూసుకోమ్మే" అన్న నోళ్ళు నెల తిరక్కుండానే మూతబడ్డాయి.

గుర్రాల మర్మం ఆమెకు పుట్టింటి ఆస్తి. నాయన గంగులప్ప పొగరు గుర్రాలను లొంగదీసేవాడు. "గుర్రం ఎగరాలంటే తల దించాల. దాన్ని తల దించనీకు, నువ్వు పడవు" అని చిన్నప్పుడే నేర్పాడు.

ఎనభైల్లో ఆటోలొచ్చి జట్కా బేరాలు పోయాయి. ఇక మిగిలింది పెళ్ళికొడుకుల ఊరేగింపే అని చెంగమ్మ గుర్రానికి జీను అలవాటు చేసింది. అయితే దాని నుదుట ఒక సుడి ఉంది. యజమానిని పడగొట్టే సుడి అనీ, మునస్వామి మంచాన పడింది అందుకేననీ ఊరంతా గుసగుస. ఊరికేం, నోరుంది కదా!

తొలి బేరం బజారువీధి తులసీరాం కొడుకు పెళ్ళి. ముందు తాను ఎక్కి చూపిస్తానంది చెంగమ్మ. తోడొచ్చిన అత్త దేవకమ్మ గుర్రాన్ని పట్టుకుని నిలబడింది.

"ఇది ఎగిరి నిన్ను పడేసిందంటే మాకొద్దు. మల్ల ఈ ఊర్లో దీన్ని ఎవురూ పిలవరు" అన్నాడు తులసీరాం.

పిలవకపోతే గుర్రాన్ని అమ్మాలి. అమ్మితే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

చెంగమ్మ ఎక్కిందో లేదో గుర్రం వీపు వంచి ఎగిరింది. జనం చెల్లాచెదురయ్యారు. మళ్ళీ ఎగిరి వెనక్కాళ్ళు విసిరింది. ఆమె నడుము వెనక్కి వాల్చి, పగ్గం పైకి లాగి పట్టింది. కొప్పు వీడింది, ఒక కాలు రికాబులోంచి జారింది. జీను మాత్రం వదల్లేదు, గుర్రాన్ని తల దించనివ్వలేదు. చివరికి గుర్రమే అలిసి, వణుకుతూ నిలబడిపోయింది.

"సుడి గుర్రమని సెప్తే యింటేగా" అన్నారెవరో.

చెంగమ్మ దిగి జీను కింద చెయ్యి పెట్టింది. కుంకుమ పూసిన నిమ్మకాయ చేతికి తగిలింది. అత్త వైపు చూస్తే ఆమె ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కాయ చూపిస్తే గుర్రం మీది నింద పోతుంది. ముసలామె మాత్రం ఇక నలుగురిలో తలెత్తుకోలేకుండా పోతుంది. చెంగమ్మ కాయను కొంగున ముడేసుకుంది.

"తప్పు గుర్రానిది గాదప్పా. జీను నేనే సరిగ్గా కట్టలేదు."

జీను సర్ది మళ్ళీ ఎక్కి వీధి చివరిదాకా పోయొచ్చింది. గుర్రం గంగిగోవులా నడిచింది. పెళ్ళికొడుకును దానిమీదే ఊరేగించారు.

ఇల్లు చేరాక దేవకమ్మ భోరుమంది. "బండయితే దిష్టికి చక్రం కింద పెడ్తాం గదమ్మే. జీనుకు చక్రం లేదాయె. నీకేమన్నా అయితాదని భయమేసి, యాడ పెట్టేదో తెలీక ఆడ పెట్టినాను."

చెంగమ్మకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "ఇంకమీద నా కాలికింద పెట్టత్తా. తొక్కేసి ఎక్కతా."

ఆ తర్వాత ఏ పెళ్ళిలో చూసినా, పెళ్ళికొడుకు ఎక్కేముందు అదే వరస. దేవకమ్మ వంగి కోడలి కాలి దగ్గర నిమ్మకాయ పెట్టేది. చెంగమ్మ అత్త భుజం పట్టుకుని, కాయ తొక్కి, జీనెక్కేది.