మిరుగు నాటి ఎండుచేప

మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చిందంటే మా అత్తమ్మకు చేప పడాలి. వానలు మొదలయ్యే ఆ రోజు చేప తింటే ఏడాదంతా ఆయాసం దగ్గరికి రాదని ఆమె నమ్మకం. తెలంగాణ వదిలి సూరత్ వచ్చి, లింబాయత్ గల్లీలో మగ్గాల చప్పుడు మధ్య ఇన్నేళ్లు కాపురం చేసినా ఆ నమ్మకం మీద దుమ్ము పడనివ్వలేదు. పొద్దున దీపం పెట్టి నేను దేవుడికి చెప్పుకునే మాటల్లో ఆ రోజు ఇదొకటి చేరుతుంది: స్వామీ, అత్తమ్మకు మంచి చేప దొరకనీ.

మాకు చేపలు తెచ్చేది మాసీ. మాసీ అంటే పిన్ని, గల్లీ అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమెది డుమస్ వైపు సముద్రపు పల్లె. తట్ట ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో వస్తుంది. వాసనకు భయపడి ఆటోవాళ్లు ఆమెను ఎప్పుడూ అందరికన్నా చివర ఎక్కించుకుంటారు. మా గల్లీలో అమ్మీ అమ్మీ తెలుగు నేర్చుకుంది. నాకు నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, బడి ముఖం చూడలేదు. మాసీకేమో మా గల్లీయే బడి. అందుకేనేమో, ఆమె మాట వింటే సొంత మనిషి మాట విన్నట్టుంటుంది.

ఆ ఏడు మిరుగు నాడు మాసీ తట్ట దించితే అన్నీ ఎండుచేపలే.

"ఏందే ఇది? గియ్యాల మిరుగాయె, ఎండువి తెచ్చినవ్?" అంది అత్తమ్మ.

"దరియా బంద్ ఉన్నది, అమ్మా. సముద్రంల చేపలు గుడ్లు పెట్టే టైం. మా ఊర్ల పడవలన్నీ ఒడ్డుకు కట్టేసినం. రాఖీ పున్నం దాకా ఎవ్వరు పోరు."

అంతలోనే గల్లీ మొదట్లో స్కూటర్ హారన్ మోగింది. "తాజా మచ్ఛీ! సస్తా మచ్ఛీ!" వెనక డబ్బాలో తళతళలాడే చేపలు. ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని అటు నడిచారు.

మాసీ ముఖం చిన్నబోయింది. పడవ కట్టేసిన నెలల్లో వాళ్ల పొయ్యి వెలిగేది ఎండుచేపల మీదే, అందులోనూ మా మిరుగే పెద్ద బేరం. గల్లీ స్కూటర్ వైపు తిరిగిపోతే ఇక ఆమె ఇటు రావడంలో అర్థం లేదు.

"చోరీగ పోయిన పడవది గది," అంది. "మేము కడుపు కట్టుకొని ఆగినం. ఆగనోనికి మీరు పైసలిస్తే, వచ్చే ఏడు నా కొడుకు ఎందుకు ఆగుతడు? అందరు పోతే దరియాల ఏం మిగులుతది, అమ్మా? ఉప్పునీళ్లే."

అత్తమ్మ స్కూటర్ దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. ఒక చేపను అరచేతిలోకి తీసుకుని వేలితో పొట్ట నొక్కింది. గుడ్లు బయటికొచ్చాయి.

"కడుపుతోనున్నదాన్ని పట్టుకొచ్చినవా, బిడ్డా?"

"గుడ్డు ఉంటేనే రుచి, మౌసీ!" అన్నాడు స్కూటర్ అబ్బాయి.

"నా కోడలు కడుపుతోనున్నప్పుడు గడప దాటనియ్యలె నేను. దీన్ని వలేసి తెచ్చినవా?"

నిజమే. ఆ నెలలన్నీ నేను వీధిని కిటికీలోంచే చూశాను. అప్పుడు విసుక్కున్నాను గానీ, ఈ మాట విన్నాక మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాను.

పక్కింటి వదిన అడిగింది. "అయితే అత్తా, మిరుగుకు ఎండుచేప నడుస్తదా?"

అందరూ మా అత్తమ్మ వైపు చూశారు. ఆచారం విషయంలో మా గల్లీకి ఆమె మాటే మాట. ఆమె మాసీ వైపు తిరిగింది.

"ఇవి నీళ్లల్ల ఈదినయా లేదా?"

"ఈదినయి, అమ్మా."

"మరి చేప గాకుంటె కాకరకాయా? జర మంచివి ఏరియ్యి. ఇరిగినయి నాకద్దు."

గల్లీ అంతా నవ్వింది. గిన్నెలు మాసీ తట్ట చుట్టూ చేరాయి. అందరూ వచ్చారనను. వదిన కొంగు కింద ఏదో దాచుకుని స్కూటర్ వైపు నుంచే వచ్చింది. వాళ్లాయన నాలుక రుచి సంగతి నాకు తెలుసు, చూడనట్టు తల తిప్పుకున్నాను. తట్ట అడుగున కొన్ని మిగిలాయి కూడా. అయినా లేచేటప్పుడు మాసీ నడుం నిటారుగా ఉంది.

నేను వేడినీళ్లలో కడిగి, వంకాయ వేసి పులుసు పెట్టాను. పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు ఉల్లిపాయ కూడా ముట్టదు. కిటికీలు టపటపా మూసుకుంది గానీ ఒక్క మాట అనలేదు. ఆమెకూ దండమే.

ఆ వానాకాలమంతా మాసీ గల్లీ మానలేదు. రాఖీ పున్నం నాడు మా నేతవాళ్లకు మార్కండేయస్వామి ఊరేగింపు, మాసీ వాళ్లకు సముద్రపు పూజ. ముందు రోజు ఒక కొబ్బరికాయకు పసుపు రాసి ఆమె చేతికిచ్చాను, మా ఇంటి పేరున నీళ్లలో వదలమని. మేమెన్నడూ చూడని పడవల మీద మా తిండి ఆధారపడి ఉన్నందుకు, నా చేతనైంది అదే.

పున్నమి వెళ్లాక మాసీ తాజా చేపలతో వచ్చింది. అన్నిటికన్నా పెద్దది తీసి అత్తమ్మ చేతిలో పెట్టింది. అత్తమ్మ ముందుగా దాని పొట్ట నిమిరింది.

"ఇది కడుపుతోని లేదు గదా?"

"లేదమ్మా," అంది మాసీ నవ్వుతూ. "కనేసింది. పిల్లలు దరియాల ఆడుకుంటున్నయి."