ముందు వరసలో ముగ్గురం

మా మేడమీది వదిన ఏడిస్తే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఈ మాట నాది కాదు, టీవీ స్టూడియోలో ప్రేక్షకుల్ని కుర్చీల్లో సర్దే ఫ్లోర్ మేనేజరుది. మేం వ్యాను దిగి లోపలికి వెళ్లగానే, "ఆ పచ్చ చీర ఆవిణ్ణి ముందు వరసలోకి పంపండి, బాగా ఏడుస్తుంది" అని కేకేసేవాడు. వదిన కొంగు సర్దుకుని పెళ్లిపీటల మీదికి వెళ్తున్నంత దర్జాగా వెళ్లేది. ఆ దర్జా చూస్తే నాకు ఒళ్లు మండేది. నేనూ ఏడవగలను కదా, నన్నెవరూ పిలవరే!

వదిన పని ఇస్త్రీ. మా పై వాటాలో కిటికీ దగ్గర బల్ల వేసుకుని వీధిలో సగం మంది బట్టలు తనే చేసేది. ఆవిడ భర్త కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములకి అద్దాలు బిగించేవాడు. కింది వాటాలో నేను, నా కుట్టుమిషను. తోడబుట్టకపోయినా పదిహేనేళ్లుగా ఆయన నాకు అన్నయ్య, ఆవిడ వదిన. వాళ్లకి పిల్లల్లేరు, నాకు మొగుడు లేడు. అందుకని సెలవురోజు వచ్చిందంటే ముగ్గురం కలిసి రికార్డింగులకి పోయేవాళ్లం. మనుషుల్ని పోగుచేసే ఆవిడ వ్యాను తెచ్చేది. గళ్ల చీర కట్టుకోకూడదు, తెర మీద పాకుతున్నట్టు కనిపిస్తుందట. ఫోన్లు గుమ్మం దగ్గరే ఇచ్చెయ్యాలి. లోపల ఏసీకి పళ్లు టకటకలాడేవి.

బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. అక్కడ జనం నవ్వడం, ఏడవడం కార్యక్రమం చూసి కాదు. వేదిక మీదికి ఎవరూ రాకముందే మా మొహాలన్నీ కెమెరాలో తీసేసుకుంటారు. మొదట చప్పట్లు, తర్వాత నవ్వు, తర్వాత నోరు వెళ్లబెట్టడం, ఆఖరున కన్నీళ్లు. ఒక్కొక్కటి పదేసి నిమిషాలు. ఆ ముక్కలు దాచుకుని ఏడాది పొడుగునా ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకుంటారు. ఎదురుగా ఖాళీ వేదిక, పక్కన ఫ్లోర్ మేనేజరు, "ఊఁ, ఇప్పుడు ఏడవండి" అంటాడు. వదిన ఏడ్చేది. జేబురుమాలు కళ్లకద్దుకుని, గుండెలు తరుక్కుపోయేటట్టు ఏడ్చేది. ఆపమనగానే ఆపి, "టిఫిను పొట్లాలు వచ్చాయా?" అని అడిగేది.

అన్నయ్యకి మాత్రం ఏడుపు వచ్చేది కాదు. సొంత తల్లి పోయినప్పుడే కంట తడి పెట్టని మనిషి. కన్నీళ్ల వంతు వస్తే తల దించుకుని కూర్చునేవాడు. అలాంటివాడు ఒక్కరోజు ఏడ్చాడు. ఆ రోజు జనం తక్కువై మమ్మల్ని కూడా ముందు వరసలోనే కూర్చోబెట్టారు, ఈ చివర వదిన, మధ్యలో ఆయన, పక్కన నేను. ముంజేత్తో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తిరుగు దారిలో వ్యానులో వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. "మా ఆయన కూడా నటుడైపోయాడే!" అంది. ఆయన, "లైట్లు కళ్లల్లో కొట్టాయి" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలకి అన్నయ్య పోయాడు. కాలేయం. ఆఖరి ఇరవై రోజులు ఆసుపత్రిలోనే. అక్కడ చేరిన రోజున ఆయన వదినతో చెప్పిందొక్కటే, "నాకూ ఇప్పుడే తెలిసింది."

మనిషి పోయినా టీవీలో పోలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు వేదిక మీద కష్టాలు చెప్పుకోవడం, ముందు వరసలో మా అన్నయ్య కళ్లు తుడుచుకోవడం. ఆయన ఎన్నడూ వినని కథలకి, మొహం కూడా చూడని మనుషుల కోసం. ఒకసారి తప్పిపోయిన పిల్ల కోసం, మరోసారి కాలు పోయిన ఆటగాడి కోసం. పక్కనే వదిన, ఇటు నేను. నేను ఛానెల్ మారుద్దామంటే వదిన రిమోట్ ఇచ్చేది కాదు. ఇస్త్రీ పెట్టె ఆఫ్ చేసి, తెరకి జానెడు దూరంలో కూర్చుని చూసేది.

ఒక ఆదివారం నా చెయ్యి పట్టుకుంది. "ఏమేవ్, ఆయనకి అప్పటికే తెలుసంటావా?"

"ఏం తెలుసు?"

"పోతానని. తెలిసే ఏడ్చాడంటావా? తెలుసుంటే ఆ నాలుగు నెలలూ ఒక్కడే మోశాడన్నమాట. నేను నవ్వుతూ తిరిగాను. కూర చప్పగా ఉందన్నాడని రెండు రోజులు మాట్లాడటం మానేశాను కూడా. నాకు తెలియాలే. ఏదో ఒకటి తెలియకపోతే నాకు పిచ్చెక్కుతుంది."

"నాకేం తెలుసు వదినా," అన్నాను.

నాకు తెలుసు. ఆ రికార్డింగుకి వారం ముందు అన్నయ్య రెండు ప్యాంట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, నడుము బిగించమని. టేపు పెట్టి చూస్తే నాలుగు వేళ్లు తగ్గాడు. దర్జీ దగ్గర ఒళ్లు దాచలేరు. "ఏంటి అన్నయ్యా ఇది?" అని నిలదీస్తే చెప్పాడు. చెప్పి, వదినకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "ఉన్నన్నాళ్లు దాన్ని నవ్వుతూ ఉండనీ," అన్నాడు. నేను ఒట్టు వేశాను. ఆ ప్యాంట్లు మళ్లీ రెండుసార్లు బిగించాను. పైన వదిన వాటికి ఇస్త్రీ చేసింది, కొత్త కుట్లు చూడకుండానే.

వదిన ఊరుకోలేదు. వ్యాను ఆవిణ్ణి బతిమాలి ఎడిటింగు గదికి వెళ్లే ఏర్పాటు చేసుకుంది. ఆ రోజు తీసిందంతా మొదటినుంచీ చూడాలట, ఆయన మొహం చూస్తే తనకి తెలిసిపోతుందట. తోడు రమ్మంది. నేను భయపడలేదు. ఇన్నేళ్లుగా టీవీలో మా మొహాల వెనక ఎప్పుడూ సంగీతమే విన్నాను. ఆ ముక్కలకి మాటలుండవని నా నమ్మకం.

ఎడిటరు నెమ్మదస్తుడు. మాకు కుర్చీలు వేసి, ఫైలు వెతికి తెరిచాడు. "సౌండు కూడా పెట్టమంటారా? చప్పట్ల కోసం తల మీద మైకులు వేలాడదీస్తాం కదా, అన్నీ పడతాయి," అన్నాడు.

"ఎందుకులెండి," అన్నాను.

"పెట్టండి," అంది వదిన.

తెర మీద వదిన జేబురుమాలు తీసింది. భుజాలు కుదిపి ఏడవడం మొదలుపెట్టింది. అన్నయ్య ఆవిడ వైపు తిరిగాడు. అలా చూస్తూనే ఉన్నాడు. ఆయన కళ్లు నిండాయి. తర్వాత నా వైపు వంగాడు. మాట స్పష్టంగా వినిపించింది.

"చూశావా చెల్లమ్మా. రేపు నేను పోయాక ఇలాగే ఏడుస్తుంది కాబోలు."

నా గొంతు: "ఊరుకో అన్నయ్యా, వదిన వింటుంది."

తెర మీద నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆ పక్కన వదిన ఇంకా బ్రహ్మాండంగా ఏడుస్తోంది.

ఎడిటరు పాపం ఎటు చూడాలో తెలియక కీబోర్డు తుడుస్తున్నాడు. "వదినా, ఒట్టు వేయించుకున్నాడు," అన్నాను. నా మాట నాకే అసహ్యంగా వినిపించింది. వదిన నా వైపు తిరగలేదు. ఏడవలేదు కూడా. తెర మీద ఏడుస్తున్న తన మొహాన్ని చాలాసేపు చూసింది.

"ఇది తీసెయ్యమంటారా అమ్మా?" ఎడిటరు మెల్లిగా అడిగాడు. "ఇకముందు వాడకుండా పక్కన పెట్టేస్తాను."

"వద్దు. ఆయన ఉండనీ," అంది వదిన. వేలు పెట్టి తెర మీద నన్ను చూపించింది. "ఈవిణ్ణి తీసేయండి."

ఎడిటరు ఏవో మీటలు నొక్కాడు. బొమ్మ కాస్త పెద్దదై, నా మొహం అంచు దాటి బయటికి పోయింది.

వదిన ఇప్పుడు బట్టలు కుట్టించుకోవడానికి పై వీధికి వెళ్తుంది. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు ఒదిగి దారి ఇస్తుంది. ఆదివారం సాయంత్రం పై వాటాలో టీవీ మోగుతుంది, కింద నేనూ అదే పెట్టుకుంటాను. వదిన ఏడుస్తూ ఉంటుంది, అన్నయ్య ఆవిణ్ణే చూస్తూ ఉంటాడు. చెయ్యి తీసెయ్యడం ఎడిటరు వల్ల కాలేదు. అది ఎవరిదో తెలియకుండా ఆయన భుజం మీద అలాగే ఉంది.