నేను చేర్చిన సున్నా

పదేళ్లుగా ఒక సున్నాను మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు.

కుప్పంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది. నాది మదనపల్లె, మా నాన్నకు బట్టల కొట్టు. ప్రాజెక్టులో నా జోడీ నంజప్పది పుంగనూరు పక్క పల్లె. కంప్యూటర్ తెర మీద, నడిపే మనిషి లేని ఓడ రేవులోకి తనంతట తాను వచ్చి ఆగాలి, అదీ ప్రాజెక్టు. ఎప్పుడెటు వీస్తుందో తెలియని గాలిని కూడా అందులోనే పుట్టించి దాని మీదికి వదలాలి. ఇద్దరం సముద్రం చూడనివాళ్లమే. ఓడ నాది, గాలి అతనిది.

మొదట గాలి కూడా నేనే రాశాను. అది పాచికలు వేసినట్టు క్షణానికో తీరుగా గెంతేది. నంజప్ప నవ్వాడు. కళ్లంలో వాళ్లమ్మతో రాగులు తూర్పారబట్టినవాడు. గాలి ఉన్నట్టుండి మారదని, ముందటి విసురు తరువాతి విసురులో కొంత మిగిలే ఉంటుందని చెప్పి, అలాగే తిరగరాశాడు. మా సారు మురిసిపోయి, చెన్నైలో ఓడల పని చేసే కంపెనీలో ఉన్న ఒక్క ఉద్యోగానికి అతని పేరు పంపుతానన్నారు.

నాకు కడుపు మండింది. ఇంకో మాట ఎందుకు?

వైవా రోజు నంజప్ప టీ తేవడానికి వెళ్లాడు, నాకోసం కూడా. అతని ప్రోగ్రాంలో గాలి బలం చెప్పే అంకె పక్కన ఒక సున్నా చేర్చాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు ఓడ గిరగిరా తిరిగి గట్టును గుద్దింది. మళ్లీ నడిపిస్తే మళ్లీ గుద్దింది. నంజప్ప చెమటలు కక్కుతూ వరుస వరుసా వెతుకుతుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. ఎందుకు? అతను ఇంకాస్త తడబడాలని. ఆ తరువాత అతన్ని పక్కకు జరిపి, రెండు నిమిషాల్లో సరిచేసి, ఓడను మెత్తగా గట్టుకు చేర్చాను. సారు అతని పేరుకు బదులు నా పేరు పంపారు. ఉద్యోగం నాకొచ్చింది.

బయట మెట్ల మీద అడిగాడు. "అంత తొందరగా ఎట్ల తెలిసిందిరా నీకు? రాసినోణ్ణి, నేనే కనుక్కోలేకపోతి."

"సేట పట్టే సేతులకు కంప్యూటర్ యాలప్పా?" అన్నాను.

అతను చేతులు చూసుకున్నాడు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు నయంగా ఉండేది.

పోయిన ఏడాది పలమనేరు బస్టాండులో కనిపించాడు. ఎరువుల కొట్టు నడుపుతున్నాడట. పక్కన వాళ్లక్క కూతురు. నన్ను చూపించి, ఈయప్ప లేకుంటే తాను పాసే అయ్యేవాణ్ణి కాదన్నాడు. ఆ పిల్ల కంప్యూటర్ కోర్సు అడిగితే, అది మన ఇంటికి అచ్చిరాదని మాన్పించానని కూడా చెప్పాడు.

అప్పుడైనా నోరు విప్పానా? అతను ఇప్పించిన టీ తాగి బస్సెక్కాను.

ఆ సున్నా నేను పెట్టాను. ఇప్పటికి రాయగలిగాను, గుండె కాస్త తేలికైంది. కానీ చదువుతున్నది మీరు, నంజప్ప కాదు.