గుర్రప్పిల్లకు దిష్టిచుక్క

దోహాలో తమ్ముడు పనిచేసే గుర్రపుశాల చూడ్డానికి వెళ్ళాను. అక్కడ గుర్రాలను సాకే కిర్గిజ్‌స్తాన్ ఆయన వచ్చీరాని హిందీలో తన సంతోషం చెప్పుకున్నాడు. వాళ్ళ కొండల్లో మచ్చల గుర్రాల జాతి దాదాపు అంతరించిపోయింది. మిగిలిన కొన్నిటిని వెతికి తెచ్చి వాళ్ళ నాన్న పెంచుతున్నా, ఏటా మచ్చల్లేని పిల్లలే పుట్టేవి. ఈసారి మాత్రం తెల్లటి ఒంటినిండా నల్లమచ్చలతో ఒకటి పుట్టింది. ఫోనులో ఫోటో చూపించాడు.

ఎంత ముద్దుగా ఉందో అని హిందీలోనే మెచ్చుకున్నాను. ఆయన చప్పున అరచేత్తో ఫోను మూసి, "తూ, తూ" అన్నాడు.

"దిష్టి తగుల్తదని భయపడుతుండు అక్కా. అచ్చం అమ్మ లెక్కనే!" అని తమ్ముడు నవ్వాడు.

నేను బ్యాగులోంచి కాటుక తీసి, ఆయన చెయ్యి తీయించి, ఫోను తెరమీదే ఫోటోలోని పిల్ల బుగ్గన చుక్క పెట్టాను. అది ఆ మచ్చల్లో కలిసిపోయింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఆయన ఫోన్ ఎవ్వరినీ ముట్టనిస్తలేడక్కా. చుక్క చెరుగుతదంట."