చూపించే తువ్వాళ్లు

తువ్వాళ్ల కౌంటర్ దగ్గర నిలబడే పెద్దాయన్ని షాపులో అందరూ చుక్క బాబాయి అంటారు. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆ పేరు విని, సాయంత్రమైతే ఈయన ఎక్కడో కాస్త పుచ్చుకుని ఇంటికెళ్తాడు కాబోలనుకుని దూరదూరంగా మసలుతారు. పాపం, టీ కూడా చల్లారాక గానీ తాగలేని మనిషి. చుక్కంటే నీటిచుక్క. కౌంటర్ మీద గ్లాసులో నీళ్లు పెట్టుకుని, ఎవరు ఏ తువ్వాలు అడిగినా ముందు వేలు ముంచి దాని మీద ఒక చుక్క వేస్తాడు. అది ఇట్టే ఇంకిపోతే మంచిది. పూసలా నిలబడి దొర్లిందా, మెత్తదనం కోసం పైన ఏదో పూత పూసినట్టే.

"ఒళ్లు తుడుచుకోడానికి కొనండమ్మా, బుగ్గకు ఆనించుకోడానికి కాదు," అంటాడు. కొనేవాళ్లు నవ్వి ఆయన చూపించిందే పట్టుకెళ్తారు. ఆయన లేని రోజున వచ్చినవాళ్లు, రేపు వస్తామని వెళ్లిపోవడమూ ఉంది. అలాంటి సంగతి ఎవరైనా చెబితే బాబాయి కాలరు సర్దుకుంటాడు.

ఆర్గానిక్ తువ్వాళ్లు వచ్చాకే చిక్కు మొదలైంది.

వాటిని తెచ్చేది ఒకావిడ. ఊరి చివర రేకుల షెడ్డులో మరమగ్గాలు పెట్టుకుని తనే దగ్గరుండి నేయిస్తుంది. పురుగుమందు కొట్టని చేలో పండిన పత్తి, ఘాటు రసాయనాలు తగలని నూలు. ప్రతి తువ్వాలు అంచుకూ చిన్న లేబుల్, దాని మీద సర్టిఫికెట్ నంబరు. బాబాయి మొదట నమ్మలేదు.

"లేబుల్‌దేముంది చెల్లెమ్మా, కుట్టుమిషనున్న ప్రతివాడూ కుడతాడు."

ఆవిడ నొచ్చుకోలేదు. ఫోన్ తీసి చేతికిచ్చింది. "ఆ నంబరు మీరే కొట్టి చూడండి అన్నయ్యా."

కళ్లద్దాలు తగిలించుకుని ఒక్కో అంకే కూడబలుక్కుంటూ కొట్టాడు. షెడ్డు పేరు వచ్చింది. పత్తి దగ్గర్నుంచి చివరి ఉతుకుదాకా ఎవరు తనిఖీ చేశారో, ఎప్పటిదాకా చెల్లుతుందో వచ్చింది. అయినా ఊరుకోలేదు. చుక్క వేశాడు, ఇంకిపోయింది. అంచు తిప్పి పోగు లాగాడు, ఊడలేదు. తెల్లగుడ్డ తడిపి గట్టిగా రుద్దాడు, రంగు అంటలేదు. వంక పెట్టడానికి ఇంకేమీ దొరక్క, "కాస్త గరుకుగా ఉందమ్మా," అన్నాడు.

"పూత లేదు కదన్నయ్యా. నాలుగు ఉతుకులు పడితే అదే మెత్తబడుతుంది."

కొనేవాళ్లకు నాలుగు ఉతుకుల ఓపిక ఎక్కడిది? చేత్తో తడిమి మొహం చిట్లించేవాళ్లు. "ఆర్గానిక్ అంటే మెత్తగా ఉండాలి కదండీ? ఇదేంటి, గోనెపట్టాలా ఉంది? అసలైనదేనా?" అని లేబుల్‌ని దొంగనోటులా అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లు. పక్క అరలో పూత పూసిన మామూలు తువ్వాళ్లు పిల్లికూనల్లా మెత్తగా పడుకుని ఉండేవి. జనం వాటిని నిమిరి, అసలైన ఆర్గానిక్ ఇదే కాబోలు అని అవే కొనుక్కునేవాళ్లు. అబద్ధం చెబితే నమ్మకపోవడం వేరు. నిజం చెబుతుంటే నమ్మకపోవడం బాబాయికి కొత్త. లోపల్లోపల ఉడికిపోయాడు.

ఓ ఆదివారం, కౌంటర్ మీద చూపించడానికి పెట్టిన రెండు ఆర్గానిక్ తువ్వాళ్లనూ ఇంటికి తెచ్చి బకెట్లో వేశాడు. ఉతికి ఆరేస్తే మెత్తబడ్డాయి గానీ, ఆయన ఆశపడ్డంత కాదు. మళ్లీ తడిపాడు. బాత్రూం అరలో, బట్టలు మెత్తబడాలని భార్య వాడే వాసన లిక్విడ్ కనబడింది. సగం మూత పోశాడు. ఒక్క క్షణం ఆగి, మిగతా సగమూ పోశాడు.

"ఏవండీ, అది పోస్తే మీ చుక్క ఇంకి చస్తుందా?" అంది గుమ్మంలో నిలబడ్డ భార్య.

"ఇవి అమ్మేవి కాదే, చూపించేవి."

"ఓహో, పెళ్లికి ముందు మా నాన్నకు పంపిన మీ ఫొటోలాగా! అందులోనూ బోలెడంత జుట్టుండేది."

"నీ నోటికి తాళం వెయ్యా," అని నవ్వేశాడు. నవ్వాడే గానీ, ఆవిడ వంక తిరిగి చూడలేదు.

సోమవారం నుంచి సరుకు కదిలింది. చూపించే తువ్వాలు తాకినవాళ్ల మొహాలు విప్పారేవి. కొన్నవాళ్లకు మూసిన ప్యాకెట్టే ఇచ్చేవాడు కాబట్టి ఎవరికీ వచ్చిన నష్టం లేదు. సరుకు నిజమైనదే, సర్టిఫికెట్ నిజమైనదే, నాలుగు ఉతుకుల తర్వాత వచ్చే మెత్తదనాన్ని నేను ముందే చూపిస్తున్నాను, అంతేగా అని సర్దిచెప్పుకునేవాడు. కాకపోతే ఆ రెండు తువ్వాళ్ల మీద మాత్రం చుక్క వేయడం మానేశాడు. ఎవరైనా గ్లాసు వంక చూస్తే మాట మార్చేవాడు.

అప్పుడొచ్చింది ఆ నర్సు, ఆసుపత్రి బట్టలతోనే. చిన్నకూతురి ఒంటికి ఏది తగిలినా దద్దుర్లు తేలి, పిల్ల రక్తం వచ్చేలా గోక్కుంటుందట. ఆవిడ లేబుల్ మీది నంబరు ఫోన్లో కొట్టి, నిలబడినచోటే పై నుంచి కిందిదాకా చదివింది. చూపించే తువ్వాలును మడిచి, విప్పి, మెడకు ఆనించుకుంది. బాబాయి ప్యాకెట్ ఇవ్వబోతే అక్కడే విప్పింది.

"ఇది వేరు, అది వేరు. నాకు అవే ఇవ్వండి."

"అవి నలుగురూ ముట్టుకున్నవమ్మా."

"ఉతుక్కుంటాలెండి. పిల్లకు మెత్తగా ఉండాలి, అంతే."

వట్టి వేడినీళ్లలో బాగా జాడించి వాడమ్మా అన్న మాట బాబాయి నోటిదాకా వచ్చింది. ఎందుకని అడుగుతుంది. వెనక ఇద్దరు ఆడవాళ్లు అదే తువ్వాలు కోసం చూస్తున్నారు. మాట మింగేసి, ఆ రెండూ సంచిలో పెట్టి ఇచ్చాడు.

"ఫోన్లోనూ చూశాను, మీరూ చెప్పారు. ఇంకేం కావాలి," అంటూ తేలికపడ్డ మొహంతో వెళ్లింది.

ఉతుక్కుంటానందిగా, ఆ లిక్విడ్ పోతుందిలే అనుకున్నాడు. ఒక్క ఉతుకుతో పోదని ఆయనకు తెలుసు.

వారం తిరక్కముందే ఆవిడ మళ్లీ వచ్చింది. అరిస్తే బాగుండేది, అరవలేదు. తువ్వాళ్లు కౌంటర్ మీద పెట్టి, "ఉతికే వాడాను. పాప మెడ, వీపు ఎర్రగా కందిపోయాయి. నా చేతుల్తో నేనే తుడిచానండీ," అంది.

యజమాని లేచి వచ్చాడు. బాబాయి చేతుల్లో పెరిగినవాడు, చుక్క విద్య ఆయన దగ్గరే నేర్చాడు. గ్లాసులో వేలు ముంచి చుక్క వేశాడు. అది ముత్యంలా నిలబడి, పక్కకు దొర్లింది.

"చూశావా బాబాయ్? పూత పూసి, ఆర్గానిక్ లేబుల్ కుట్టింది!"

నేయించే ఆవిడ ఆ రోజే కొత్త సరుకు దించడానికి వచ్చి, వెనక గోడౌన్లో ఉంది. పిలిపించాడు. మొత్తం సరుకు వెనక్కి తీసుకెళ్లమన్నాడు, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకూ రాస్తానన్నాడు. ఆవిడ తువ్వాలు తీసుకుంది. లేబుల్ చూసింది, అంచు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నేత నాదే. ఈ వాసన నాది కాదు." కళ్లు తుడుచుకుంది. "లేబుల్ పోతే నా మగ్గాలు ఆగిపోతాయండీ. అన్నయ్యా, మీరే కదా పరీక్షించి తీసుకున్నారు, మీరైనా చెప్పండి!"

బాబాయి గ్లాసు పక్కకు జరిపాడు. "అది నేను పోసిందే," అన్నాడు.

యజమాని జాలిగా నవ్వాడు. "నీ మంచితనం నాకు తెలియనిదా? ఆవిడ ఏడుపు చూడలేక నీ నెత్తినేసుకోకు."

తన మంచి పేరే ఇలా అడ్డుపడుతుందని బాబాయి ఎన్నడూ అనుకోలేదు. ఇంకొక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, అందరూ ఆయన్ని దేవుడనుకుని వదిలేస్తారు. అది తోచగానే అరలోకి చెయ్యి పెట్టాడు. కొత్త ప్యాకెట్ చింపి తువ్వాలు పరిచి, దాని మీద చుక్క వేశాడు. ఇంకిపోయింది. ఆదివారం, బకెట్, లిక్విడ్ మూత, అన్నీ చెప్పాడు. ఈసారి యజమాని నవ్వలేదు. కౌంటర్ మీది చుక్కల్ని అరచేత్తో తుడిచాడు. సరుకు వెనక్కి పంపే మాట మళ్లీ ఎత్తలేదు.

"గరుకైతే గరుకని చెప్పి అమ్మాల్సింది," అంది నేయించే ఆవిడ. "అమ్ముడుపోకపోతే నా ఖర్మ అనుకునేదాన్ని." ఈసారి అన్నయ్యా అనలేదు.

బాబాయి చింపిన ప్యాకెట్లోని తువ్వాలును నర్సు చేతిలోకి తీసుకుని, దాన్ని ఎలా ఉతకాలో నేయించే ఆవిడనే అడిగింది. వట్టినీళ్లు చాలని ఆవిడ చెప్పింది. పక్కనే నిలబడ్డ బాబాయిని ఇద్దరూ ఏమీ అడగలేదు.

బయల్దేరబోతూ నర్సు ఆగింది. "చూపించే టవల్స్ ఇంకెవరికైనా ఇచ్చారా? వాళ్లకు కబురు చెప్పాలి కదా."

"లేదమ్మా," అన్నాడు బాబాయి. "మీకొక్కరికే ఇచ్చాను."

ధైర్యం చెబుదామనే అన్నాడు ఆ మాట. అన్నాక, దెబ్బంతా ఆ ఒక్క పిల్లకే తగిలిందన్నట్టు వినబడింది; ఆవిడ మొహంలోకి చూడలేక, చింపిన ప్యాకెట్ ముక్కలు ఏరుకుంటూ కిందికి వంగిపోయాడు.