'సర్వర్ డౌన్' అననివ్వని సత్తయ్య సారు

స్కానర్ మూత కింద దీపం కదిలే ముందు చిన్న మూలుగు వినిపిస్తుంది. ఈ ఉదయం కోదాడలోని నా దుకాణంలో ఆ మూలుగు రాలేదు. నిన్ననే కంప్యూటర్‌లో లైనెక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించాను. స్కానర్ సాఫ్ట్‌వేర్ మాత్రం మొండికేసింది. బల్ల ముందు ఒక పెద్దాయన కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. నా నోటి దాకా ఒక మాట వచ్చి ఆగిపోయింది. దాన్ని ఆపింది సత్తయ్య సారు.

మిర్యాలగూడలో ఆయన జిరాక్స్ సెంటర్లో నాలుగేళ్లు పనిచేశాను. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి. ఏ యంత్రాన్నైనా విప్పి చూడనిదే నిద్రపట్టేది కాదు. లోపల ఏముందో విప్పి చూసుకోనిస్తుంది కాబట్టే లైనెక్స్ మీద ఆయనకు ప్రేమ. "తెర మీద ఏం రాసిందో సదివినంకనే ఎంటర్ కొట్టు బిడ్డా" అనేవారు. నాకా ఓపిక ఎక్కడిది? ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లు తెచ్చి అతికించడం, కుదరకపోతే తీసేసి మళ్లీ ఎక్కించడం, అదీ నా విద్య.

ఒకరోజు ఆయన పనిమీద సూర్యాపేట వెళ్లారు. ఆ పూట స్కానర్ సాఫ్ట్‌వేర్ ఐదుసార్లు ఎక్కించినా స్కానర్ పలకలేదు. మధ్యాహ్నం మాడుగులపల్లి నుంచి లచ్చవ్వ అనే పెద్దామె వచ్చింది. గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పగించి, మనవరాలి కాలేజీ సీటు కోసం సర్టిఫికెట్లు తెచ్చింది. సాయంత్రం ఐదింటిలోపు అవి పంపకపోతే సీటు పోతుంది. నాకు చేతకాలేదని ఒప్పుకోలేక, ఊళ్లో అందరూ చెప్పే మాటే చెప్పాను.

"సర్వర్ డౌన్ ఉందవ్వా."

"ఎప్పటికి వస్తది బిడ్డా?"

"తెల్వది."

ఆమె నమ్మింది. మెట్లు దిగుతుండగా, సూర్యాపేట నుంచి అప్పుడే తిరిగొచ్చిన సత్తయ్య సారు ఎదురయ్యారు. "సర్వర్ పడిపోయిందట సారూ, మా పిల్ల రాత గింతే" అంది. సారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"సర్వర్ బాగనే ఉందవ్వా. మా స్కానరే పనిచేస్తలేదు. జర కూసో. మాతోని కాకపోతే పక్క దుకాణంల నేనే చేపిస్త" అన్నారు.

తర్వాత నన్ను తెర మీదున్నది పైకి చదవమన్నారు. స్కానర్ ఉంది గానీ, నా పేరుకు దాన్ని వాడే అనుమతి లేదని ఉంది.

"స్కానర్ వాడేటోళ్ల జాబితాల నా పేరు పొద్దుగాలనే ఎక్కించిన సారూ."

"ఎక్కించినంక లాగౌట్ అయి, మళ్ల లోపలికి వచ్చినవా?"

రాలేదు. అలా మళ్లీ లోపలికి వస్తేనే కొత్త అనుమతి పనిచేస్తుంది; పొద్దుటి నుంచి జరిగిన తప్పంతా అదే. బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లాను. మూలుగు వినిపించింది, దీపం కదిలింది. నాలుగున్నరకల్లా కాగితాలు వెళ్లిపోయాయి. లచ్చవ్వ నా తల నిమిరి "సల్లగుండు బిడ్డా" అని వెళ్లింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సారు తిట్టలేదు. "మాకు రాదు అంటే ఆమె ఇంకో దుకాణానికి పోయేది. సర్వర్ డౌన్ అంటే ఏడికి పోతది బిడ్డా?" అని మాత్రం అడిగారు.

ఈ ఉదయం పెద్దాయనతో చెప్పాను: "నా స్కానర్ ఇంకా కుదరలేదండి. తొందరైతే ఎదురు దుకాణంలో చేయించుకోండి."

"అలాగేనమ్మా" అని ఆయన రోడ్డు దాటారు. నేను కుర్చీ ముందుకు లాక్కుని, తెర మీది మొదటి వరుస పైకి చదివాను.