గరాజ్ అన్నల పాట

ఆఫీసులో ఎవరైనా నల్ల మార్కర్ మూత తీస్తే చాలు, అందరూ బోర్డు వైపు చూస్తుంటే నేను మాత్రం ముప్పై ఏళ్ళ వెనక్కి, దోహాలోని అల్ హిలాల్‌లో మేమున్న మూడో అంతస్తుకి వెళ్ళిపోతాను. ఆ రోజుల్లో దోహాకి వచ్చే సంగీతపు పత్రికల్లో పాడేవాళ్ళ భుజాలూ మోకాళ్ళూ కనపడకుండా ఎవరో ఎంతో ఓపిగ్గా మార్కర్ పూసి అమ్మకానికి పంపేవారు. పేజీ తిప్పగానే గుప్పుమనే ఆ ఘాటే నాకూ నస్రీన్‌కూ కెనడా వాసన.

నస్రీన్ ఎదురింటి పిల్ల, నా ఈడుదే. వాళ్ళది నిజామాబాదు, మాది తెనాలి, మా ఇద్దరి నాన్నలూ ఒకే కంపెనీలో ఇంజినీర్లు. ఎండాకాలం గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుని బయట అడుగుపెట్టలేని సాయంత్రాలు, ఏసీ హోరులో వాళ్ళింటి చల్లటి నేల మీద బోర్లా పడుకునీ, చల్లబడ్డ నెలల్లో రంజాన్ అయితే వాళ్ళమ్మ చేసిన దహీ వడలు, ఉగాది అయితే మా అమ్మ చేసిన బొబ్బట్లు తింటూనూ, మేమిద్దరం ఒక నోటుపుస్తకంలో కెనడా గాయకుల చరిత్ర రాసేవాళ్ళం. కెనడాయే ఎందుకంటే, ఆ ఆలోచన నస్రీన్‌దే. "అమెరికావాళ్ళు అందరికీ ఎరుకే. వీళ్ళయితే మనకే ఎరుక" అంది.

అసలు పేర్లు నోరు తిరగక మేమే పేర్లు పెట్టుకున్నాం. చేపల రేవులో పుట్టి చర్చిలో పాట నేర్చినామె మంచు పిన్ని. తండ్రి కారు షెడ్డులో డ్రమ్ములు బాది ఇరుగుపొరుగు చేత తిట్లు తిన్న నలుగురూ గరాజ్ అన్నలు. పెళ్ళిళ్ళలో వాయించి, వ్యానుల్లో పడుకుని, ఊరూరా తిరిగి, చివరికి అమెరికాలో పేరొస్తే గానీ సొంత ఊరు వాళ్ళని పట్టించుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ వీళ్ళది అంతా తిరగేసిన వ్యవహారం. నస్రీన్ మాత్రం ప్రతి గాయకుడి పక్కనా వాళ్ళ ఊళ్ళో ఎన్ని నెలలు మంచు కురుస్తుందో బడి లైబ్రరీలో వెతికించి మరీ రాయించేది. పాటకీ మంచుకీ ఏమిటే సంబంధం అంటే, "ఊరు తెలిస్తెనే పాట తెలుస్తది" అనేది.

గరాజ్ అన్నల్లో ఒకడు మిగతా ముగ్గురికీ మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయాడని చదివిన రోజు కోపమొచ్చి వాడి పేరు కొట్టేయబోయాను. నస్రీన్ నా చెయ్యి పట్టుకుంది. "కొట్టకు. ఇంట్లోల్లు చెప్పద్దన్నరేమో" అంది. నేను పకపకా నవ్వాను.

ఆ ఏడు అబూ హమూర్‌లోని మా బడి వార్షికోత్సవానికి ఆ అన్నల పాటే ఇద్దరం కలిసి పాడాలని, రెండు నెలలు బస్సులో డ్రైవరు చెవులు చిల్లులు పడేలా సాధన చేశాం. తను ఎత్తుకోవాలి, నేను అందుకోవాలి. తీరా ఆ రోజు పొద్దున్నే తలుపు కొడదామని వెళ్తే తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఒక్క చాపైనా లేదు.

"వాళ్ళు కెనడా వెళ్ళిపోయారే. రెండేళ్ళ నుంచీ కాగితాలు నడుస్తున్నాయంట. వాళ్ళమ్మ నాకూ నిన్నే చెప్పింది" అంది అమ్మ. నేను ఏడుస్తుంటే, "దిష్టి తగలదూ? విమానం ఎక్కేదాకా ఎవరు చెబుతారు, నేనైనా అంతే" అంది. గల్ఫ్‌లో అదొక ఆచారం. వాళ్ళు నజర్ అంటారు, మనం దిష్టి అంటాం, కంపెనీకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందన్న భయం మాత్రం అందరిదీ. నోటుపుస్తకం కూడా వాళ్ళ పెట్టెల్లోనే పోయింది. నేను పాటల చరిత్ర రాస్తున్నాననుకున్నాను, తను కాపురముండబోయే ఊళ్ళ గురించి ఆరా తీసింది. అంత మోసం నాకు మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

సాయంత్రం టీచరు ఇద్దరి పేర్లూ పిలిచింది. ఒక్కదాన్నే ఎక్కాను. సంగీతం మొదలైంది, తను ఎత్తుకోవలసిన చోటు వచ్చింది, దాటిపోయింది. నేను దిగి వచ్చేశాను.

ఇప్పుడు ఆ బిల్డింగు లేదు, కేసెట్ల కొట్లు లేవు, ఎదురింట్లో ఎవరున్నారో తెలుసుకునే పిల్లలూ లేరు. పోయినేడు ఎలాగో నా నంబరు సంపాదించి నస్రీన్ ఫోను చేసింది. "ఎవరికి చెప్పనని అమ్మీ కసం తినిపిచ్చిందే. నోరిప్పితె పోవుడు ఆగిపోతదన్నది" అంది. ఆ వెంటనే, "ఆ రోజు పాడినవా?" అని అడిగింది.

"పాడాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. చప్పట్లు ఆగలేదు."

"అల్లా! గిన్నేండ్ల సంది అదే రంది నాకు" అని హాయిగా నవ్వింది. తన బెంగ తీరింది. ఆ రోజు తర్వాత నేను ఎవరి ముందూ నోరు విప్పి పాడలేదని మాత్రం చెప్పలేదు.